ఆనందకుమారి పెట్టిన ఆరో టిక్కు

గూడూరు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివిన ఆ ఏటి బ్యాచ్‌లో ఆనందకుమారి ఒక్కతే ఆడపిల్ల. తండ్రి హెబ్రోను కోవూరు పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేసేవాడు. ఇంజను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పే విద్య ఆయన దగ్గరే ఆమెకు అబ్బింది. ఇప్పుడామెకు నలభై ఆరేళ్లు. పదిహేడేళ్లుగా విశ్వవిద్యాలయంలో నీటి ప్రవాహాల ల్యాబులో కాంట్రాక్టు టెక్నీషియను. నీళ్లలో కలిసిన మురుగూ ఉప్పూ ఎటు పోతాయో, ఎంతసేపట్లో పోతాయో లెక్కగట్టే బృందం వాళ్లది. ప్రొఫెసరు ప్రత్యూష గారు సమీకరణాలు రాస్తే, వాటికి తగ్గట్టు గాజుగోడల కాలువలో నీళ్లు పారించేది ఆనందకుమారి. పంపు మొరాయించినా, పైపు కారినా ఆమె చెయ్యి పడాల్సిందే.

ఆ మార్చిలో బృందం ల్యాబు వదిలి సముద్రం ఒడ్డున ఉప్పుటేటి మీదికి వచ్చింది. పోటు ఎక్కేటప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగలో ఎర్రరంగు కలిపి, అది ఎగువకు ఎంతసేపట్లో ఎక్కుతుందో కొలవాలి. రంగు వల్ల హాని లేదు. కానీ ఏటి పొడుగునా రొయ్యల గుంటలున్నాయి. ఆ పూట తొమ్మిది నుంచి పన్నెండు దాకా నీళ్లు తోడవద్దని ఆరుగురు ఆసాములకు చెప్పిరావాలి. ఆ పని ఆనందకుమారికి అప్పజెప్పారు.

ముందురోజు సాయంత్రం ఐదుగురికి చెప్పింది. ఆరో ఆసామి చెంచురామయ్య గుంట ఎగువ మలుపులో ఉంది. కట్ట పొడుగునా బురద. నెల్లూరు బస్సుకు పావుగంటే ఉంది. ఫోను చేసింది, ఎత్తలేదు. పొద్దున్నే వచ్చి చెప్పొచ్చులే అనుకుని, కాగితంలో ఆరో పేరు పక్కన కూడా టిక్కు పెట్టేసింది.

తెల్లారి ఏటి దగ్గరికి వచ్చేసరికి రంగు కొలిచే పరికరం పనిచేయడం లేదు. వైరు ఎక్కడో తెగింది. ఆమె గట్టు మీద కూర్చుని అతుకులు వేస్తూనే ఉంది. తలెత్తి చూసేసరికి తొమ్మిది దాటింది. పడవ నడిపే వెంకటేష్ ప్రత్యూష గారినీ ఎక్కించుకుని ఏటి నడుమకు పోనిచ్చాడు, రీసెర్చి విద్యార్థి పెంచలకృష్ణ రంగు డబ్బా వంచేశాడు. కుంకుమ కలిపినట్టు నీళ్లు ఎర్రబడి, ఎగువకు సాగాయి.

చెంచురామయ్యకు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. మళ్లీ ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మలుపు దాకా పోవడానికి రంగుకు రెండు గంటలు పడుతుందని మేడం లెక్క. గబగబా నడిచినా చాలుననుకుని కట్టెక్కింది. కానీ పక్కన ఏట్లో ఎరుపు ఆమెకంటే ముందు పోతోంది. ఇసుకమేట పెరిగి ఏరు సన్నబడిన చోట నీళ్లు ఉరవడిగా లాగేస్తున్నాయి.

అప్పుడు వినిపించింది, డీజిలింజను. దాని చప్పుడు బరువుగా ఉంది. నీళ్లు తోడుతోంది.

చెప్పులు వదిలేసి పరుగెత్తింది. రెండుసార్లు జారిపడింది. మలుపు చేరేసరికి పైపు మూతిలోంచి ఎర్రనీళ్లు గుంటలోకి దూకుతున్నాయి. ఎవరినీ అడక్కుండా ఇంజను ఆపేసింది.

మేతబస్తా మోసుకొస్తున్న చెంచురామయ్య బస్తా కింద పడేశాడు. అరవై ఏళ్ల మనిషి. గుంటలోని ఎర్రటి చారనూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"ఏంది కలిపినారు నా నీళ్లల్లో?"

"రంగు, అన్నా. విషం కాదు. యూనివర్సిటీ వాళ్లం..."

"రంగా? ఎనభై రోజుల పంట. ఇంకో నెలకు పట్టాలి."

నిమిషాల్లో చుట్టుపక్కల గుంటల వాళ్లు చేరారు. వెనకే వచ్చిన పడవను ఒడ్డుకు లాగి గుంజకు కట్టేశారు. ప్రత్యూష గారు దిగి, చేతిలో కాగితం చూపించారు.

"ఆరుగురికీ నిన్ననే చెప్పించాం. మీ పేరుంది, టిక్కు కూడా ఉంది. చెప్పినా ఇంజను వేసుకుని మమ్మల్ని అంటే ఎట్లా?"

"నాకెవురూ చెప్పలా."

"చెప్పలేదనడం సులువే."

చెంచురామయ్య మొహం మాడిపోయింది. వెనకనుంచి ఎవరో పెంచలకృష్ణ చొక్కా పట్టుకున్నారు. వచ్చే నెలలో ఆనందకుమారి కాంట్రాక్టు రెన్యువలు. టిక్కు సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మెదపకుంటే చాలు.

"ఆయన చెప్పేది నిజం మేడం" అంది. "నేను ఈడికి రాలా. ఫోను ఎత్తలేదని, రాకుండానే టిక్కు పెట్టేసినా. తప్పు నాది."

ప్రత్యూష గారు ఆమెను చూసి, కాగితం మడిచేశారు. చొక్కా పట్టుకున్న చెయ్యి వదిలింది.

"రొయ్య మేత తినేదాకా ఎవురూ కదలబాకండి" అన్నాడు చెంచురామయ్య. "తినకపోతే అప్పుడు మాట్లాడదాం."

గుంటలో ఎరుపు పది నిమిషాల్లో గులాబీరంగై, ఆపైన కనిపించకుండా పోయింది. దానివల్ల ఎవరికీ ధైర్యం రాలేదు. మేత చల్లి, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలలో నాలుగు మూలలా కొంచెం మేత పెట్టి నీళ్లలోకి దించారు. ఎండ మాడుస్తోంది. ఆనందకుమారి గట్టు మీద ఒంటరిగా కూర్చుంది. పెంచలకృష్ణ కూడా దగ్గరికి రాలేదు.

"రంగు ఎంతసేపట్లో వచ్చింది?" అని చెంచురామయ్య ఉన్నట్టుండి అడిగాడు.

"యాభై నిమిషాలు" అన్నారు ప్రత్యూష గారు. "మేం రెండు గంటలనుకున్నాం."

"అంటే కింద గుంటలోళ్లు వదిలే జబ్బునీళ్లు కూడా అంతలోనే నా పైపు కాడికి వస్తాయి."

"వస్తాయి. పోటు మీద తోడితే వస్తాయి" అన్నారామె.

రెండేళ్లలో రెండు పంటలు తెల్లమచ్చల జబ్బుతో పోయినవాడు. లేచి పోయి ఏటి దిగువకు చూశాడు.

గంటన్నర తర్వాత మొదటి ట్రే ఎత్తాడు. మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. గట్టు మీద గుసగుసలు లేచాయి. ఆనందకుమారి కళ్లు మూసుకుంది. పెదాలు ప్రార్థనలో కదిలాయి. రెండో ట్రే దగ్గరికి పోవడానికి ఆయనకు పట్టిన సమయం ఆమెకు ఏడాదిలా తోచింది. ట్రేలో మేత లేదు. రెండు రొయ్యలు ఎగిరి గట్టున పడ్డాయి. ఆయన ఒకదాన్ని ఎండకు ఎత్తి, వీపున నల్లటి పేగు చూశాడు. మేతతో నిండుగా ఉంది. మూడో ట్రే, నాలుగో ట్రే కూడా ఖాళీయే. మొదటి మూలలో ఇంజను దగ్గర తొక్కిసలాటకు రొయ్యలు బెదిరి ఉంటాయన్నాడు. ఇంకో అరగంట ఆగి దాన్ని మళ్లీ ఎత్తారు. సగం తిన్నాయి.

"పడవ వదలండి" అన్నాడు.

బృందం జీపులో బయల్దేరింది. రెండు కిలోమీటర్లు పోయాక ప్రత్యూష గారు జీపు వెనక్కి తిప్పమన్నారు. ఏటి పక్క ఊళ్లో టీకొట్టు దగ్గర చెంచురామయ్య కూర్చున్నాడు. నలుగురిలో ఆయన ముందు నిలబడి, "మీరు అబద్ధమాడారన్నాను. అది నా తప్పు" అన్నారు. ఆయన తల ఊపి, ఇంకో రెండు టీలు చెప్పాడు.

జీపు దగ్గరికి తిరిగొచ్చాక, "జరిగింది రిపోర్టులో రాస్తున్నాను" అన్నారు ఆనందకుమారితో.

"రాయండి మేడం."

ఆ రాతతో రెన్యువలు మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ ఆమె కోవూరులో తండ్రి పాత పనిముట్లతో మోటార్లు బాగుచేసింది. జూలైలో ల్యాబు నుంచి పిలుపు వచ్చింది. ఇప్పటికీ నీళ్లు తోడే ముందు చెంచురామయ్య ఆమెకే ఫోను చేస్తాడు, ఆటు ఎన్నింటికో కనుక్కోవడానికి. ఆమె ఆటుపోట్ల పట్టిక చూసి చెబుతుంది. చెప్పినాక, "అన్నా, రాసుకున్నావా?" అని అడిగి, ఆయన రాసుకునేదాకా ఫోను పెట్టదు.