అవ్వ నిద్రపోయిన బొంత

మా అవ్వ జ్ఞానాంబ నగరిలో పాత చీరలతో బొంతలు కుట్టేది. తిరుపతి డ్వాక్రా బజారులో మా ఊరి మహిళా సంఘానికి అంగడి ఇచ్చినప్పుడు, ఒకరు కట్టి విడిచిన చీరల బొంత ఇంకొకరు కొనరని సంఘం లీడరు దేవకమ్మ చెప్పింది. అందుకని అవ్వ కొత్త గుడ్డతో కుట్టింది. సూది దిగక వేళ్లు వాచాయి.

"ఈసారి ఒకటన్నా పోకుంటే ఇంగ సూది ముట్టను," అంది బస్సులో. మూట మోసేది నేనే కాబట్టి ఆ మాట నాకు నచ్చింది.

బజారులో జనం బొంతలు తడిమి, బిరుసుగా ఉన్నాయని వెళ్లిపోయారు. మా ఇళ్లలో కొత్త బొంత మీద ముందు ముసలివాళ్లు పడుకుంటారు. అది మెత్తబడ్డాకే బిడ్డల కింద వేస్తారు. మధ్యాహ్నానికి అవ్వ సోలిపోయి, ఒక బొంత పరిచి దాని మీద ఒరిగింది.

"లెయ్ జ్ఞానక్కా, అందరూ సూస్తా ఉండారు," అంది దేవకమ్మ.

"మెత్తబరస్తా ఉండాను. ఇదీ పనే గదమ్మే," అని అవ్వ గురక మొదలుపెట్టింది.

ఆ గురకకు గాజుల అంగడి దగ్గరివాళ్లు కూడా ఇటే వచ్చారు. కడుపుతో ఉన్న ఒకామె అవ్వను చాలాసేపు చూసి, "నాకు ఆయమ్మ కిందుండే బొంతే కావాల," అంది. నేను అవ్వను తట్టి లేపాను. అవ్వ ఒక కన్ను తెరిచి, అంచు పిసికి చూసింది.

"బిడ్డకా తల్లీ? ఇంగా మెత్తబళ్ళేదు. సాయంత్రం రా," అని అటు తిరిగి పడుకుంది.

ఆమె సాయంత్రం వచ్చి తీసుకుపోయింది. తిరుగు బస్సులో అవ్వ మూట నా ఒళ్లో పెట్టి, "రేపు సూదులు తీసకరా," అంది. మూట బరువు ఒక్క బొంతే తగ్గింది.