రెండో టెంకాయ

మా ఇంట్లో కొబ్బరి పచ్చడి చేశారంటే బోరు ఫెయిలైందని అర్థం.

మాది కుందుర్పి వైపు మెట్ట సేద్యం. నాయన ఇప్పటికి పదకొండు బోర్లు వేయించాడు. బోరు లారీ వచ్చిన ప్రతిసారీ అమ్మ రెండు టెంకాయలు పట్టుకుని చేనికి పోయేది. మొదటిది తవ్వకం మొదలయ్యే ముందు కొట్టేది. రెండోది నీళ్లు పడ్డాక కొట్టడానికి. దాన్ని ఒళ్లో పెట్టుకుని, లారీ లేపే దుమ్ములో గంటల తరబడి కూర్చునేది. తొమ్మిదిసార్లు ఆ రెండోది అలాగే ఇంటికి తిరిగొచ్చి, మరుసటి రోజు పచ్చడైంది. నాకేమో ఆ పచ్చడంటే ప్రాణం. చిన్నప్పుడొకసారి "ఈసారి కూడా నీళ్లు పడకపోతే బాగుండు" అని నోరు జారాను. అమ్మ చేతి దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

పోయిన ఏడాది, వేరుశనగ విత్తే కాలానికి కాస్త ముందు, నాయనకు కడుపు ఉబ్బింది. నాలుగు రోజులు దొడ్డికి రాలేదు, గాలి కూడా పోలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆముదం తాగాడు, సోడా తాగాడు, చెంబు పట్టుకుని చేను గట్టుకు పోయి గంటసేపు కూర్చుని వచ్చాడు. వాంతులు మొదలయ్యాక అమ్మ నాకు ఫోన్ చేసింది. నేను అనంతపురంలో టీచరమ్మను. ఏ సంగతైనా ఎదుటివాళ్ల బుర్రకెక్కేదాకా వదలకపోవడం నాకున్న జబ్బు. తర్వాత జరిగిన గొడవకంతా ఆ జబ్బే కారణం.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. పెద్దపేగులో ఎడమవైపు క్యాన్సర్ గడ్డ పెరిగి దారి మూసేసింది. కడుపు ఇంత ఉబ్బి ఉండగా కోస్తే ప్రమాదం ఎక్కువ, పేగును పొట్ట మీదికి తెచ్చి మలం పోవడానికి సంచీ కట్టాల్సి రావచ్చు అన్నాడు డాక్టరు. ముందు కింది నుంచి స్టెంట్ పంపుతామన్నాడు. అది సన్నటి తీగలతో అల్లిన గొట్టం, గడ్డ మధ్యలో విచ్చుకుని దారి తెరుస్తుంది. మనిషి తేరుకున్నాక, రెండు వారాలకు ఆపరేషన్ చేసి గడ్డ తీసేద్దాం అన్నాడు.

నాయన "కింది నుంచి" అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"యాడ నుంచి? సస్తే సస్తాగానీ నా కాడ ఆ పనులు కుదరవు. నడువు పాపా, ఇంటికి పోదాం."

నేను నా తెలివి చూపించాను. "నాయనా, కేసింగ్ పైపు అనుకో. మన్ను కూలకుండా బోర్లో దించుతారే, అదే ఇది."

ఆయన ముఖం తేటపడింది. డాక్టరు వైపు మొదటిసారి గౌరవంగా చూశాడు. "అట్ల చెప్పల్ల గదా సారూ! కేసింగ్ అయితే ఏసెయ్యండి."

అమ్మ మొదటి టెంకాయ ఆసుపత్రి గేటు దగ్గర కొట్టి వచ్చింది. స్టెంట్ వేశారు. మరుసటి రోజు పొద్దున, వార్డంతా వినేలా నాయనకు దారి తెరుచుకుంది. నర్సు కిటికీలు తీసింది. పక్క మంచం పెద్దాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నాయన మాత్రం బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి "మూడించుల నీళ్లు పడినాయి!" అని చాటాడు.

అమ్మ సంతోషం పట్టలేక రెండో టెంకాయ తీసుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది. నేనూ ఒక ముక్క తిన్నాను. తియ్యగా ఉంది. నాయనకు పీచున్నదేదీ పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో మిగిలిన చిప్పలు అమ్మ సంచీలో వేసి మంచం కింద పెట్టింది.

నాయనను ఊరికి తీసుకుపోయిన పది రోజులకు వాన పడింది. ఆపరేషన్‌కు పిలుచుకుపోదామని నేను వెళ్లేసరికి నాయన పంచె ఎగ్గట్టి విత్తనానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఆపరేషన్ యాలకు? కేసింగ్ ఏసినారు. నీళ్లు పడినాయి. మీయమ్మ రెండో టెంకాయ కూడా కొట్టింది. రెండో టెంకాయ కొట్టినాక మళ్లా తవ్వే యెర్రోడు యాడన్నా ఉండాడా?"

గడ్డ లోపల అలాగే ఉంది, గొట్టం దారి ఇచ్చిందే గానీ జబ్బును ముట్టుకోలేదు అని మొత్తుకున్నాను.

"కేసింగ్ అన్నది నువ్వే గదా పాపా. నీళ్లు పడినాక దాన్ని ఎవరన్నా బయటికి లాగుతారా?"

అరిచాను, అలిగాను, పెరట్లోకి పోయి ఏడ్చాను. నాయన చచ్చిపోతాడేమోనని భయం. అదీ నా పోలికను నమ్మి చచ్చిపోతాడేమోనని ఇంకా భయం.

అమ్మ గడపలో కూర్చుని విత్తనపు కాయలు ఒలుస్తోంది. ఆమెకు అబద్ధమంటే గిట్టదు. చిన్నప్పుడు నేను బడి ఎగ్గొట్టిన రోజు జ్వరమని చీటీ రాయించిమ్మంటే, ఒళ్లు వంగక రాలేదని రాయించి పంపిన మనిషి.

"ఆ టెంకాయ కుళ్లిపోయి ఉన్నింది" అంది తల ఎత్తకుండా.

"ఏ టెంకాయ?" అన్నాడు నాయన.

"గేటు కాడ కొట్టిన రెండోది. లోపలంతా నలుపు. నువ్వు దిగులు పడతావని చెప్పకుండా పారేస్తి. అది లెక్కకు రాదు. రెండోది ఇంకా కొట్టల్ల."

అని నా వైపు చూసింది. పిల్లలకు నిజం చెప్పమని రోజూ బుద్ధులు చెప్పే నేను, "అవును నాయనా, ఒకటే కంపు" అన్నాను.

నాయన అమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత పంచె దించుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే నడువు."

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డనూ గొట్టాన్నీ కలిపి తీసేసి పేగును అతికించారు. పొట్ట మీద సంచీ అవసరం పడలేదు. ఇక పేగు పనిచేస్తోందని తెలిసేలా గాలి పోయేదాకా మా అందరి చెవులూ ఆయన దుప్పటి మీదే. మూడో రోజు మధ్యాహ్నం వినపడింది. అమ్మ టెంకాయ తీసుకుని బయటికి పోయింది.

నాయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "ఆ పొద్దు టెంకాయ బాగనే ఉన్నింది గదా?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"మీయమ్మ టీకి పోయినప్పుడు సంచీలో చెయ్యి పెట్టి ఒక ముక్క తింటి. పాల మాదిరి ఉన్నింది."

పీచు తినొద్దంటే టెంకాయ దొంగిలించాడు! కోపం నషాళానికి అంటింది. "మరి కుళ్లిందంటే ఎందుకు లేచి వచ్చినావు?"

"నలభై ఏండ్లలో అది నాతో ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దు చెప్పిందంటే, ఎంత భయపడిందో అనుకుంటి. ఇంగ కూర్చోబుద్ధి కాలేదు."

అమ్మ తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు చిప్పలూ నాయన ముఖం ముందు పెట్టి, "చూడు, ఎంత తెల్లగా ఉండాదో" అంది.

నాయన వాటిని చూసి తల ఊపాడు.

"ఇది బాగుండాది. ఆ పొద్దుటిది కుళ్లిందేలే" అన్నాడు.