వెనక్కి తిరిగి కూర్చునే పీరా సాబ్

"ముందుకు సూడనోని సేతికి నా బండి ఎట్ల ఇయ్యల్లప్పా?"

ఆదోనిలో పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ నడిపే గవిసిద్దప్ప ఈ మాట అడిగింది 1977లో, మెకానిక్ పీరా సాబును, ఒక గుంపు లారీ డ్రైవర్ల ఎదుట. ప్రశ్నలో తప్పేమీ లేదు. ఏ బండికి రోగమొచ్చినా పీరా సాబ్ దాని మీద వెనక్కి తిరిగి కూర్చునేవాడు. బస్సయితే వెనకున్న నిచ్చెన మీద, లారీ అయితే బాడీ చివర, కాళ్లు వేలాడేసుకుని, కళ్లు సైలెన్సర్ మీద పెట్టి పోయేవాడు. బండి ఎటు పోతోందో ఆయనకు అక్కర్లేదు. ఏం వదులుతోందో అదే కావాలి.

"ముందర ఏముంటాది సావుకారీ? రోడ్డు. అది ఎవనికైనా కనపడతాది," అన్నాడు పీరా సాబ్. డ్రైవర్లు ఈలలు వేశారు.

ఆయన గురించి ఊళ్లో ఒక కథ ఉంది. చిన్నప్పుడు దర్గాలో ఊదు పొగ మింగాడట, అప్పట్నుంచీ పొగ ఆయనతో మాట్లాడుతుందట. ఇట్లాంటి కథలంటే మనవాళ్లకు ప్రాణం. ఒకడు ఏళ్ల తరబడి కళ్లు మండించుకుని నేర్చుకున్నదాన్ని వరం కింద కొట్టేస్తే, మనం నేర్చుకోనందుకు సిగ్గుపడే పని తప్పుతుంది. అసలు సంగతి ఇంత మహిమ గలది కాదు. పీరా సాబ్ నాయన పత్తి బేళ్లు మోసే హమాలీ. ఫ్యాక్టరీని తిప్పే ఆయిలింజను గొట్టం హమాలీలు కూర్చునే చోటికి ఎదురుగా ఉండేది. తెల్లపొగ వస్తే ఇంజను ఇంకా వేడెక్కలేదని, ఇంకో బీడీ తాగొచ్చని అర్థం. నల్లపొగ వస్తే పత్తిగింజ తీసే యంత్రాలన్నీ ఒకేసారి తిప్పుతున్నారని, ఇక నడుం విరుగుతుందని అర్థం. నీలం పొగ వస్తే లోపల ఆయిలు కాలుతోందని, రేపో మాపో ఇంజను ఆగుతుందని, కూలి ఉండదని అర్థం. అక్కడ పెరిగినవాడికి పొగ చదవడం రాకపోతేనే వింత.

దర్గా కథ ఆయన చెవిన పడితే మాత్రం మండిపోయేవాడు. "సైలెన్సర్‌ను దర్గాకు సూపిస్తే బాగైతాదంటే, నా అంగడి కాడికి మీరెందుకు వస్తాండారప్పా?"

అణకువ ఆయనకు తెలియదు. తన అంగడి మీద కొత్తగా బోర్డు రాయించుకున్నాడు: "పెట్రోలు కార్లు కూడా". అప్పటికి ఆయన చూసిన పెట్రోలు కార్లు రెండో మూడో, అవీ టాక్సీలు. బోర్డు రంగు ఆరకముందే గవిసిద్దప్ప కారు వచ్చింది.

అది కారని ఊరికే అంటున్నాంగానీ, చిరుతపులి అనాలి. బొంబాయి పత్తి దలారి ఒకాయన దగ్గర గవిసిద్దప్ప కొన్న విదేశీ కారు. ఆరు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. రెండేళ్లు గోడౌనులో మూలపడి ఉండి వచ్చింది. స్టార్టు చేస్తే ఫ్యాక్టరీ రేకులు గలగలలాడేవి. బెంగుళూరు దగ్గర కార్ల పందెం రెండు వారాల్లో ఉంది, గవిసిద్దప్ప పేరిచ్చాడు. ఊరంతా చెప్పుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే కారు పొగ వదలడం మొదలుపెట్టింది.

బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరు చూసి, "నీలం పొగ. పిస్టన్ రింగులు అరిగిపోయాయి. ఇంజను దించి పంపండి, సిలిండర్లు తొలిచి బోరింగు చేయాలి," అని చెప్పి వెళ్లిపోయాడు. అట్లా చేస్తే పందెం పోయినట్టే. అప్పుడు గవిసిద్దప్ప పీరా సాబు అంగడి ముందు ఆగి, ఆ మొదటి ప్రశ్న అడిగాడు. అడిగి, ఇంకో దారి లేక తాళాలు ఇచ్చాడు.

పీరా సాబుకు ఒక పద్ధతి ఉంది. ఎమ్మిగనూరు మగ్గాల టవళ్లలో నేత తప్పినవి చవగ్గా తెచ్చుకునేవాడు. తెల్ల టవలు సైలెన్సర్ మూతికి పట్టి, కాసేపయ్యాక ఎండలో ఆరేసి చూసేవాడు. పొడి మసి అంటితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. జిడ్డు మరక ఆరకుండా ఉండిపోతే ఆయిలు. ఆరినాక గుడ్డ అట్టలాగా బిగుసుకుంటే రేడియేటర్ నీళ్లు లోపలికి కారుతున్నాయి, ఎందుకంటే మన బావినీళ్లలో ఉప్పెక్కువ.

ఆ రోజు మాత్రం ఆయన పాత టవళ్లు ముట్టుకోలేదు. "సావుకారి కారు మూతికి మాసిన గుడ్డనా?" అని కొత్త కట్ట విప్పి, తళతళలాడే టవలు తీశాడు. పట్టాడు, ఆరేశాడు. అది అప్పడంలా బిగుసుకుంది. అంచుల్లో కొంచెం గోధుమ రంగు.

"రింగులూ లేదు గింగులూ లేదు!" అని అరిచాడు. "ఇంజను నీళ్లు తాగుతాండాది. హెడ్డు గాస్కెట్ పోయింది. రేపు హెడ్డు తీస్తా."

"తీసి సూస్తే గాస్కెట్ బాగుంటే?" అన్నాడు గవిసిద్దప్ప.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. హెడ్డంటే ఇంజను పైమూత; ఒకసారి దాన్ని విప్పితే, కింద నలిగిన పాత గాస్కెట్ మళ్లీ పనికిరాదు. ఆ కారు గాస్కెట్ ఆదోనిలో కాదు కదా, బొంబాయిలో కూడా వెతకాలి. ఊరికే విప్పితే పందేనికి పీరా సాబే నీళ్లొదిలినట్టు.

"బాగుంటే నా బోర్డు పీక్కో."

"పీకి మా ఎద్దుల కొట్టానికి తలుపు సేస్తా. అయ్యో శివనే, నవ్వొద్దు, నిజంగానే సేస్తా."

డ్రైవర్లు రెండు పార్టీలయ్యారు. పొగ ఆయిలు కాలే నీలమా, నీళ్ల ఆవిరి తెలుపా అని జుట్టు పట్టుకునేదాకా వచ్చింది. పీరా సాబ్ గొంతు అందరికంటే పెద్దది. కానీ రేడియేటర్ మూత తీసి చూసినప్పుడు ఆ గొంతు కొంచెం తగ్గింది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. నీళ్లు తాగే ఇంజనులో నీళ్లెందుకు తగ్గలేదు?

"ఎమ్మిగనూరుదాకా తోలు సావుకారీ," అన్నాడు. "బాగా తొక్కు. దీని దాహం ఎంతో సూద్దాం."

డిక్కీ మూత ఎత్తి కట్టేసి, దాంట్లో వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు బయటికి చాపాడు. కారు ఊరు దాటగానే గవిసిద్దప్ప తొక్కాడు. వేరుశనగ మూటల బండ్లు, పక్కకు దూకిన మేకలు, చెప్పు వదిలేసి పరుగెత్తిన ఒక పెద్దాయన, అన్నీ పీరా సాబుకు వెనక్కి వెనక్కి చిన్నవైపోతూ కనపడ్డాయి. చేతులతో డిక్కీ అంచు పట్టుకున్నాడు, మోచేతులు గీసుకుపోయాయి. అయినా కళ్లు సైలెన్సర్ మీదే.

పొగ లేదు!

ఎంత తొక్కితే అంత శుభ్రంగా పోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఒక్క పోగు లేదు. ఎదురుగా ఎద్దులబండి వచ్చింది కాబోలు, గవిసిద్దప్ప కాలు తీశాడు. బండి దాటి మళ్లీ తొక్కాడు. బుస్సుమని ఇంత ముద్ద పొగ! నీలం! వెనక మైదానమంతా ఎండ ఉంది, తెలుపని బుకాయించడానికి వీల్లేదు.

"మళ్లీ కాలు తియ్యి!" అని అరిచాడు. గవిసిద్దప్పకు వినపడలేదు. పీరా సాబ్ డిక్కీ రేకు దబదబ బాదాడు. మనిషి పడ్డాడేమో అనుకుని గవిసిద్దప్ప గబుక్కున కాలు తీశాడు, కేక వినపడగానే మళ్లీ తొక్కాడు. మళ్లీ నీలం ముద్ద. ఎమ్మిగనూరు చేరేదాకా ఇదే వాద్యం.

ఎమ్మిగనూరులో ఆయనకు టవళ్లు అమ్మే భీమమ్మ వాకిట్లో కారు ఆపారు. మగ్గం ఇంటి మనిషి, నోరు మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కంటే చురుకు. మూత తీసి చూస్తే రేడియేటర్ నీళ్లు చుక్క తగ్గలేదు. పీరా సాబ్ జేబులోంచి బిగుసుకుపోయిన టవలు తీసి పిచ్చివాడిలా చూస్తున్నాడు. భీమమ్మ దాన్ని లాక్కుని వాసన చూసింది.

"ఇదేంది పీరా, కొత్త గుడ్డను కాల్సినావా? గంజి మాడిన వాసనొస్తాండాది."

"ఏం గంజి అక్కా?"

"పడుగు నూలుకు పెట్టిన గంజి యాడికి పోతాది? కొత్త టవలు కొత్తల్లుని లెక్క, బిగుసుకొనే ఉంటాది. నాలుగు ఉతుకులు పడితే గానీ మెత్తబడదు. ఆవిరి తగిలిచ్చి, ఎండకేసి, అట్ట మాదిరి ఐందని ఏడిస్తే ఎట్ల?"

గవిసిద్దప్ప పడీపడీ నవ్వాడు. పీరా సాబ్ సిగ్గుపడాలి కదా? ఎగిరి గంతేశాడు! "గంజి! నేను గంజి మరక సదివినా! అక్కా, నీ ఇంట్లో అన్నిటికంటే పాత గుడ్డ ఇయ్యి!"

పాత తువ్వాలు ఒకటి ఇచ్చింది. కారును నిలబెట్టి కాసేపు ఇంజనును ఊరికే తిరగనిచ్చి, ఒక్కసారి గట్టిగా తొక్కించి, గుడ్డ పట్టాడు. రూపాయి బిళ్లంత జిడ్డు మరకలు. ఆయిలు.

"అంటే బెంగుళూరాయన సెప్పిందే నిజం. రింగులు," అన్నాడు గవిసిద్దప్ప, మొహం వాడిపోయి.

"ఆయప్ప సగం సరి. ఆయిలు కాలేది నిజం. రింగులు పోయింటే తొక్కినప్పుడు పొగ రావల్ల, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా రావల్ల. ఇది కాలు తీసినాక వస్తాండాది. కాలు తీస్తే గాలి దారి మూసుకుంటాది, ఇంజను మాత్రం తిరుగుతాంటాది. గాలి దొరకక వాల్వు సందుల్లోంచి ఆయిలు పీల్చుకుంటాది. మళ్లీ తొక్కితే అదంతా కాలుతాది. రెండేండ్లు గోడౌనులో పడి వాల్వుల రబ్బరు సీళ్లు ఎండి రాయి ఐనాయి. అంతే!"

తిరుగు ప్రయాణానికి మళ్లీ డిక్కీ ఎక్కబోతే భీమమ్మ ఆపింది. "నడుముకు ఏమన్నా కట్టుకోప్పా. నువ్వు పడితే నీ పెండ్లాం వచ్చి నన్నడుగుతాది." మగ్గానికి కట్టే కొత్త నూలు తాడు ఒక చుట్ట పడేసింది. "ఏడు రూపాయలు. ఆదోనోళ్లకు ఊరికే ఇస్తే తిరిగి సూడరు."

"వచ్చే సంతకు ఇస్తా అక్కా."

దారిలో ఆ తాడు ఆయన నడుమును కోస్తూనే ఉంది, ఆయన ఆలోచిస్తూనే ఉన్నాడు. సీలు మార్చాలంటే వాల్వు స్ప్రింగు తీయాలి. స్ప్రింగు తీస్తే వాల్వు సిలిండర్లోకి జారిపడుతుంది. పడకూడదంటే హెడ్డు విప్పాలి. హెడ్డు విప్పితే గాస్కెట్ పోతుంది. అట్లా తిరిగి తిరిగి, అంగడి ముందు దిగి నడుం విప్పుకుంటూ, చేతిలో ఉన్న తాడును చూశాడు. చిటికెన వేలంత లావు.

స్పార్కు ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి తాడును సిలిండర్లోకి కూరాడు. ఇంజనును చేత్తో మెల్లగా తిప్పాడు. పిస్టన్ పైకొచ్చి, తాడు ముద్దను వాల్వుల కింద దిండులా అదిమిపెట్టింది. పైన స్ప్రింగు తీశాడు. వాల్వు జారలేదు! చుట్టూ మూగిన డ్రైవర్లందరూ ఒక్కసారిగా అరిచారు. అప్పటికి నీలం పార్టీ, తెలుపు పార్టీ అంతా ఒకటే పార్టీ.

సీళ్లు గవిసిద్దప్ప ఫ్యాక్టరీ స్టోరులోనే దొరికాయి. బేళ్లు నొక్కే ప్రెస్సు పంపుకు వాడే చిన్న రబ్బరు రింగులు, ఆయిలుకు ఆగేవి. ఒక్కో సిలిండర్‌కు తాడు కూరడం, తిప్పడం, సీలు మార్చడం, తాడు లాగడం. చివరి సిలిండర్లో తాడు ఇరుక్కుంది. లాగితే రాదు. గట్టిగా లాగితే తెగి లోపల ఉండిపోతుంది, అప్పుడు హెడ్డు విప్పక తప్పదు, ఇంత పాటూ గంగపాలు. గవిసిద్దప్ప బోర్డు వైపు చూశాడు, అది పీరా సాబ్ గమనించాడు.

"దాని దిక్కేం సూస్తావు సావుకారీ, ఎద్దులకు సదువు రాదు," అంటూ ఇంజనును వెనక్కి కొంచెం తిప్పాడు. పిస్టన్ దిగింది. తాడు నల్లపాములా జారి బయటికి వచ్చింది.

పందేనికి ఆయన కూడా వెళ్లాడు. అందరూ గెలుపు గీత దగ్గర తొక్కిసలాడుతుంటే, ఆయన మాత్రం డ్రైవర్లు కాలు తీసి మళ్లీ తొక్కే మలుపు దగ్గర నిలబడ్డాడు. పందెం అయిపోయాక గవిసిద్దప్ప రొప్పుతూ వచ్చి, "నేనెన్నోవాన్ని?" అని అడిగాడు.

"నాకేం తెలుసు సావుకారీ? పొగ రాలే!"

గవిసిద్దప్ప నాలుగో స్థానం. ఆదోనికి వచ్చేసరికి అది మూడైంది, ఆ మరుసటేడు రెండైంది. బోర్డు మాత్రం అక్కడే ఉంది. ఎనభైల్లో రోడ్డు నిండా చిన్న కొత్త కార్లు వచ్చినప్పుడు కూడా ఆ డిక్కీల్లో ఇరుక్కుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా వెనక్కి తిరిగి కూర్చునేవాడు. కొత్త టవలు తెస్తే ముందు పెండ్లాంతో నాలుగుసార్లు ఉతికించేవాడు.

గవిసిద్దప్ప ఆయన కూలి, సీళ్ల ఖర్చు అంతా కారు బాగైన రోజే ఇచ్చేశాడు. తాడు దగ్గరే తగాదా. కారులోకి పోయింది కాబట్టి సావుకారే ఇవ్వాలని పీరా సాబ్. నడుముకు కట్టుకున్నది నువ్వు గదప్పా అని గవిసిద్దప్ప. భీమమ్మకు ఆ ఏడు రూపాయలు ఇంకా రావాలి.