ఒరే అల్లుడూ, ఉన్నానా?

చింతపండు కొట్టు గణపతిరావుకి ఉన్న భయాన్ని శృంగవరపుకోట మొత్తానికి పంచిపెట్టినా ఇంకా ఒక బస్తాడు కొట్లో మిగిలిపోతుంది. ఉరుమంటే భయం, ఊరకుక్కంటే భయం, నూతి గట్టంటే భయం. కొత్తగా వేసిన రైలుదారిలో ఇనపరాయి మోసుకొచ్చే గూడ్సుబండి కూత పెడితే భయం. అన్నిటినీ మించిన భయం గుర్రమంటే. అలాంటివాడు ఇంట్లో ఒక మూల కూర్చుంటే ఎవరికీ పేచీ లేదు. కానీ ఆదివారం తెల్లారేసరికి ఆయన గుర్రమెక్కేవాడు.

ఎక్కడం కూడా చడీచప్పుడు లేకుండా ఎక్కేవాడా అంటే, అదీ లేదు. వీధి వీధంతటికీ చెప్పుకుని మరీ ఎక్కేవాడు.

"ఒలే లచ్చమ్మా, నాను పోతన్నానే! కొట్టు తాళాలు ఉట్టి మీద ఉన్నాయి. ఆవకాయ జాడీకి గుడ్డ గట్టిగా కట్టు. నాను తిరిగి రాకపోతే ఏడవకే, నీకు తలనొప్పొస్తాది."

భార్య లక్ష్మణమ్మ చేటలోంచి తల ఎత్తకుండా, "ఎల్లెల్లు. వచ్చినప్పుడు కరేపాకు తే" అనేది.

ఆయన తండ్రి కాలంలో కొండ మీది సంతల్లో కొన్న చింతపండూ పసుపూ అడ్డాకులూ తట్టుల మీద ఊళ్లోకి దిగేవి. తట్టంటే పొట్టి గుర్రం. ఎత్తు తక్కువ, ఓపిక ఎక్కువ. లారీలు ఘాటీ ఎక్కడం నేర్చాక తట్టులకు పని పోయింది. పాపం, వాటిని చూస్తూ చూస్తూ వదిలెయ్యలేక ఊళ్లో కొందరు తలా ఒకదాన్ని తెచ్చి దొడ్లో కట్టేసుకున్నారు. వారమంతా ఉద్యోగాలు, వ్యాపారాలు. ఆదివారం పొద్దున్న మాత్రం కొండదారుల్లో స్వారీ. ఊరు వాళ్లకి ఆదివారం రౌతులని పేరు పెట్టి నవ్వుకునేది.

సమితి ఆఫీసులో గుమాస్తా జగన్నాధం ఆ రౌతుల్లో ఒకడు. గణపతిరావుతో చుట్టరికం ఏమీ లేదు. ఒకే వీధి కాబట్టి మావా, అల్లుడూ అని పిలుపులు. జగన్నాధం తట్టు పేరు చిట్టెమ్మ. ఎర్రగా, నుదుట తెల్లచుక్కతో ముద్దుగా ఉంటుంది. గణపతిరావు తట్టు పేరు దొర. ఒక చెవి ఎప్పుడూ వాలిపోయి ఉండే ముసలి దొర.

కిందటేడు వానలు తగ్గాక జరిగిన సంగతి జగన్నాధం ఎవరి దగ్గరా ఎత్తడు. కొండదారిలో బోడిబండ మలుపని ఒకటుంది. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క లోయ, మధ్యన ఒక్క తట్టు పట్టేంత దారి. సరిగ్గా అక్కడ చిట్టెమ్మ పొట్ట కింద జీను కట్టిన తోలు వారు వదులై జీను పక్కకి జారింది. జీనుతో పాటు జగన్నాధమూ జారాడు. లోయ అంచున ఒక కొరింద ముళ్లపొద ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. ఎముకలు విరగలేదు. ధైర్యం మాత్రం విరిగింది, అతుక్కోలేదు.

ఆ తర్వాత చిట్టెమ్మ దగ్గరికి గడ్డి తీసుకెళ్లినా గోడకి తగిలించిన జీను వైపు చూసేవాడు కాదు. ఆఫీసులో కుర్చీ కిర్రుమంటే బల్ల పట్టుకునేవాడు. మనసులో మాత్రం ఆ తట్టంటే ప్రాణం. దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడేవాడు, ఎక్కకుండానే లోపలికి వచ్చేసేవాడు.

ఆయన భార్య తాయారు కొన్నాళ్లు చూసింది. చివరికి జట్కా తోలే గంగులుకి కబురు పెట్టింది.

"అమ్మవారి సంబరాల నాడు గుర్రాల ఆటలున్నాయి కదా. ఆవేళ నువ్వు దాన్నెక్కి కొండకెల్లి వస్తే మనింట్లో ఉంటాది. లేకపోతే గంగులు తోలుకెల్తాడు" అంది తాయారు. "కట్టేసి కూకోబెట్టిన జంతువు ఉసురు మనకొద్దు."

ఆ మాటలో తప్పు లేదు. అందుకే జగన్నాధానికి మరీ భయం వేసింది. గంగులు ఆ రోజు నుంచి వీధిన పోయినప్పుడల్లా ఆగి చిట్టెమ్మ మెడ జానతో కొలిచేవాడు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. "రౌతే లేకపోతే జట్కాలో నడుస్తాది బాబూ" అని గంగులు ఎంతో మర్యాదగా చెప్పేవాడు.

ఆ వారం ఆదివారమే గణపతిరావు జగన్నాధం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడూ, నువ్వు నాకు సాయం రావాల."

"నానెక్కను మావా. నావల్ల కాదు."

"అందుకే నిన్నడుగుతన్నాను. మిగతా ఎదవలంతా ధైర్యస్తులు. పరుగులెట్టించేస్తారు. నువ్వు నాలాటి పిరికోడివి, నెమ్మదిగా వస్తావు. ఎనకాల ఒక మడిసి లేందే నాను అడుగెయ్యలేను రా. గుండె ఆగిపోతాది."

పిరికోడని మొహం మీదే అంటే ఎవరికైనా రోషం వస్తుంది. జగన్నాధానికి వచ్చిన రోషం జీను బిగించేదాకా నిలిచింది, పైకెక్కాక కారిపోయింది. అప్పటికే దొర కదిలిపోయాడు, వెనకాల చిట్టెమ్మా కదిలిపోయింది.

పూర్వం తట్టులు తోలేవాళ్లకి ఒక పద్ధతుండేది. ఇరుకుదారిలో ముందు నడిచేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. వాడు తిరిగితే తట్టు తడబడుతుంది. అందుకని ముందువాడు "ఉన్నాదా?" అని కేకేస్తే, వెనకవాడు బస్తా సరిగ్గా ఉందో లేదో చూసి "ఉన్నాది!" అని జవాబిచ్చేవాడు. దారికి కొత్తగా వచ్చినవాణ్ని ఎప్పుడూ వెనకాలే పెట్టేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. బస్తాలు పోయి లారీలొచ్చినా గణపతిరావు ఆ పద్ధతి వదల్లేదు. బస్తా బదులు తనే ఉన్నాడు కాబట్టి తన గురించే అడిగేవాడు.

దారి కాస్త ఎత్తెక్కగానే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, దొర జూలు రెండు చేతులా పట్టుకుని కేక పెట్టాడు.

"ఒరే అల్లుడూ, ఉన్నానా?"

"ఉన్నావు మావా."

నాలుగడుగులు పడ్డాయో లేదో మళ్లీ, "అల్లుడూ! ఉన్నానా?"

"ఉన్నావు!"

"ఎటేపు ఉన్నాను?"

"కొండేపు ఒరిగున్నావు."

"ఓలమ్మో! సరిగ్గా సూడ్రా నాయనా. నాకు పెళ్లాం ఉన్నాది."

చింతతోపు దాటేదాకా అదే వరస. ఒకసారి చిట్టెమ్మ రాయి తన్నుకుంటే జగన్నాధం లోయ వైపు చూశాడు. రెండు చేతులా జీను పట్టుకున్నాడు. జవాబు ఆలస్యమైంది. ముందు నుంచి ఏడుపు గొంతు వినబడింది.

"ఏటిరా, పలకవేటి? నాను పడిపోనాననుకున్నాను! పడిపోనేదు కదా?"

"నేదు మావా, నేదు. ఉన్నావు, ఉన్నావు!"

ఆ తర్వాత జగన్నాధం లోయ వైపు చూసే సాహసం చెయ్యలేదు. చూస్తే మావ చచ్చిపోయేలా ఉన్నాడు. అలా ఆదివారం తర్వాత ఆదివారం గణపతిరావు వీపు చూస్తూ, ఉన్నావు ఉన్నావు అంటూ, గొంతు ఎండిపోగా ఒకనాడు జగన్నాధానికి తెలిసింది ఏమిటంటే, తాము బోడిబండ మలుపు ఎప్పుడో దాటేశారని. ఇంటికొచ్చి తాయారుకి చెబితే, "మరింకేటి?" అంది. "మావ ముందుంటేనే తాయారూ. ఒక్కణ్ణీ ఎల్లలేను" అన్నాడు జగన్నాధం. అది నిజం. ఆ రాత్రి కలలో కొరింద పొద చొక్కా వదిలేసింది.

సంబరాల రోజు రానే వచ్చింది. కోతలైపోయిన మడుల్లో జనం, డప్పులు, బెల్లం జీళ్లు. మొదటి ఆట నీళ్లచెంబు. నిండు చెంబు పట్టుకుని తట్టు మీద మడి చుట్టూ ఒలక్కుండా తిరగాలి. గణపతిరావు బయల్దేరుతూనే డప్పు చప్పుడికి అదిరి చెంబెడు నీళ్లూ నెత్తిన పోసుకున్నాడు. "ఒరే, వానొచ్చిందిరా!" అని అరిచాడు. జనం పడీపడీ నవ్వారు. రెండో ఆట, జీను మీంచి వంగి నేల మీది నిమ్మకాయ తియ్యడం. ఆయన వంగకుండా నిమ్మకాయనే బతిమాలాడు. ఆఖరున వచ్చినవాడికి ఒక కొబ్బరికాయ ఇచ్చి నవ్వడం అక్కడి ఆచారం. ఏటా ఆ కాయ గణపతిరావుదే. లక్ష్మణమ్మ ఆ రోజు పచ్చడికి పచ్చిమిరపకాయలు ముందే తుంచి పెట్టుకునేది.

మూడోది కొండమొక్కు. బోడిబండ మలుపు మీదుగా పైనున్న అమ్మవారి గుడికెళ్లి, కుంకం బొట్టు పెట్టించుకుని, గుడి వెనక దారిన దిగి రావాలి. దారి ఇరుకు కాబట్టి ఒకరి తర్వాత ఒకరిని ఒంటరిగానే వదులుతారు. మధ్యలో తట్టు దిగినవాడు లెక్కలోకి రాడు.

జగన్నాధం వంతు ఆఖరు. అతనికి ముందు గణపతిరావు. ఆయన అందరికీ దండాలు పెట్టి, "లచ్చమ్మా, పోతన్నానే!" అని అరిచి, చింతతోపులోకి మాయమయ్యాడు. డప్పు మోగింది. మడిగట్టు మీద గంగులు జట్కా మెడపట్టా భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. పక్కనే తాయారు. ఆవిడ ముఖం జగన్నాధం చూడలేదు.

తోపు దాటగానే జనం సందడి ఆగిపోయింది. గిట్టల చప్పుడు, జీను కిర్రు, తన గుండె. ముందు ఎవరి వీపూ లేదు. "ఉన్నావు మావా" అన్నాడు జగన్నాధం ఖాళీ దారితో. చిట్టెమ్మ చెవులు వెనక్కి తిప్పి విన్నది. "ఉన్నావు" అన్నాడు మళ్లీ.   జీను వారు మళ్లీ మళ్లీ తడిమి చూసుకున్నాడు. బిగువుగానే ఉంది. ఆవేళా బిగువుగానే ఉందనుకున్నాడు కదా!

మలుపు ఇంకా కొంచెం దూరం ఉందనగా కొరింద పొద కనబడింది. చిట్టెమ్మ ఆగిపోయింది. తనే కళ్లెం లాగాడని జగన్నాధానికి తర్వాత తెలిసింది. లోయలోంచి చల్లటి గాలి చొక్కాలోకి దూరింది. దిగిపోతే చాలు. దిగి, నడిపించుకుని వెనక్కి పోతే ప్రాణం నిలుస్తుంది. చిట్టెమ్మ మాత్రం రేపట్నుంచి జట్కాలో ఉంటుంది, ఎండలో, కళ్లకి గంతలతో. కుడికాలు పైకెత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఆగింది. మలుపు అవతల నుంచి చుట్ట వాసన వస్తోంది.

ఈ కొండ మీద చుట్ట కాల్చే దెయ్యం ఎవరా అని జగన్నాధం కాలు దించి, మెల్లగా చిట్టెమ్మను రెండడుగులు నడిపి, బండ పక్క నుంచి తొంగి చూశాడు.

అక్కడ దొర లోయ అంచున, ఒక గిట్ట గాల్లో ఉందా అన్నట్టు నిలబడి ఉన్నాడు. వాడి మీద గణపతిరావు అరుగు మీద కూర్చున్నట్టు ఒక కాలు మడిచి జీను మీద పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లెం దొర మెడ మీద పడి ఉంది. ఒక చేత్తో చుట్ట, రెండో చేత్తో లోయలోకి వంగి పక్కనున్న కరివేప చెట్టు నుంచి రెబ్బలు తుంచి కండువాలో వేసుకుంటున్నాడు. నోట్లో ఏదో కూనిరాగం.

దొర సకిలించాడు. గణపతిరావు తల తిప్పి చూశాడు. ఆ తర్వాత ఆయన చేసినంత వేగంగా గుర్రాల ఆటల్లో ఎవరూ ఏదీ చేసి ఉండరు. చుట్ట లోయలోకి పోయింది. మడిచిన కాలు కిందికి దిగింది. రెండు చేతులూ జూలు పట్టుకున్నాయి, కళ్లు గట్టిగా మూసుకున్నాయి.

"ఓలమ్మో! సచ్చిపోనాను! అల్లుడూ, వచ్చినావేటి? ఉన్నానా?"

 ఆ వీపు వెనక తాను అరిచిన ఉన్నావులన్నీ గుర్తొచ్చాయి. ఎవరు ఎవరిని కనిపెట్టుకుని వచ్చారో తెలిసింది. కొత్తవాణ్ని వెనకాల ఎందుకు పెడతారో తెలిసింది. ఏటా ఆఖరివాడి కొబ్బరికాయా నవ్వులూ ఇంకెవరికీ దక్కకుండా ఆయనింటికే ఎందుకు పోతాయో కూడా తెలిసింది. ముందు ఏడుపొచ్చింది. అది గొంతు దాకా వచ్చి నవ్వైపోయింది. లోయ అంచున, కొరింద పొద పక్కన, తట్టు మెడ మీద వాలిపోయి నవ్వాడు.

"ఏటిరా నవ్వుతావు? ఇక్కడ నా ప్రాణం పోతంటే!" అన్నాడు గణపతిరావు, కళ్లు విప్పకుండానే.

"ఉన్నావు మావా. నిక్షేపంలా ఉన్నావు. కరేపాకు పడిపోగల్దు, సూసుకో."

గణపతిరావు ఒక కన్ను విప్పాడు. అల్లుడి మొహం చూశాడు. కండువా ముడి మెల్లగా బిగించుకున్నాడు.

"మీ అత్తతో సెప్పకు. దానికి తెలుసు గానీ, నువ్వు సెప్పకు" అన్నాడు.

"సెప్పను గానీ, దారియ్యి మావా. నాను ముందెల్తాను."

గణపతిరావు దొరను బండ పక్క సందులోకి నొక్కి దారిచ్చాడు. చిట్టెమ్మ వాళ్లని రాసుకుంటూ లోయ పక్కగా దాటింది. జగన్నాధం గుండె అప్పుడూ దడదడలాడుతూనే ఉంది. వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు. పొదా మలుపూ వెనకబడ్డాయి, అప్పుడు గట్టిగా కేక పెట్టాడు.

"మావా! నాను ఉన్నానా?"

వెనక నుంచి జవాబొచ్చింది. 

"ఉన్నావురా నాయనా. బాగా ఉన్నావు."

నుదుట కుంకంతో జగన్నాధం మడిలోకి దిగేసరికి తాయారు ఎదురొచ్చి చిట్టెమ్మ కళ్లెం పట్టుకుంది. చిట్టెమ్మ నుదుటి చుక్క మీద ముద్దు పెట్టింది. గంగులు మెడపట్టా దులిపి, "పోన్లెండి, దీని మెడ నా పట్టాకి సన్నం" అని తనే సర్దిచెప్పుకున్నాడు. చాలాసేపటికి "ఉన్నానా? ఎవలైనా సెప్పండర్రా!" అని అరుస్తూ గణపతిరావు వచ్చాడు. కొబ్బరికాయ పుచ్చుకున్నాడు. కండువాలో కరేపాకు ఉండనే ఉంది.

ఆ పై ఆదివారానికి మిషను బడిలో మేష్టారు ఏసుదానం కొత్త రౌతుగా వచ్చాడు. మనిషి తట్టు మీద కర్రలా బిగుసుకుపోయి, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. గణపతిరావు వీధి నడుమ నిలబడి, "మేష్టారూ, తమరు నా ఎనకాల రావాల. నాకు మా సెడ్డ భయం" అని చేతులు జోడించాడు.

చింతతోపు దాటాక, ముందు నుంచి కేకలు, మధ్యన "ఉన్నారండీ, ఉన్నారండీ" అని ఏసుదానం జవాబులు. ఆఖరున జగన్నాధం. కాసేపటికి ఏసుదానం మెడ కొంచెం తిప్పి, గొంతు తగ్గించి అడిగాడు.

"పాపం, ఆయనకంత భయమైతే ఎందుకండీ ఎక్కడం?"

జగన్నాధం మొహం కొండ వైపు తిప్పుకుని, నవ్వు దిగమింగుకుని, ఎంతో బాధగా అన్నాడు.

"ఏటి సేస్తాం మేష్టారూ, ఆయనంతే. తమరు మాత్రం ఆయన మీంచి కన్ను తియ్యకండి. పడిపోగల్డు."