ఫణికుమార్ గిటార్, గోవిందు నిరీక్షణ

ఫణికుమార్ చేయి అసలు విరగనే లేదని మా దీవిలోని డెలానీపూర్ ఉద్యోగుల క్వార్టర్లలో కొందరన్నారు. విరిగింది నిజమే గాని తాగి పడ్డాడని మరికొందరు. సెలవులో ఉండి పర్యాటకుల హోటళ్లలో గిటార్ వాయించి సంపాదించాడన్న మాట సముద్రం దాటి రంగత్ వరకూ పాకింది. ఎక్స్‌రే నేను చూశాను. ఎడమ ముంజేతి ఎముక విరిగిన సంగతి స్పష్టంగా ఉంది. పడింది పొద్దున్నే, బోటు ఎక్కబోతూ, జెట్టీ మెట్ల మీది పాచికి జారి. లేవదీసినవాళ్లను అడిగాను, తాగిన వాసన ఎవరికీ తగలలేదు. గిటారైతే అతని ఇంటి గడప దాటలేదు.

అంతమాత్రాన అతను నిర్దోషి అని అనలేను.

ఫణికుమార్ జెట్టీల్లో వైర్‌లెస్ ఆపరేటర్. ఆ రోజు అతను బయలుదేరింది ఉత్తరాన ఉన్న ఒక చిన్న దీవికి, అక్కడి ఆపరేటర్ గోవిందుకు రిలీవర్‌గా. రిలీవర్ వచ్చి హెడ్‌సెట్ అందుకునేదాకా అక్కడి మనిషి కదలకూడదు. గోవిందు భార్య శ్రావణి కాన్పుకు విశాఖలో పుట్టింట ఉంది.

కట్టు విప్పాక డాక్టర్ వేళ్లు కదిలించమన్నాడు, మణికట్టు మాత్రం తిప్పవద్దన్నాడు. ఫణికుమార్ గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాడు. ఊరికే మీటినా తీగలన్నీ కలిసి పలికేలా శ్రుతి సవరించి, ఎడమ మోచేతిని దిండుకు ఆనించి, ఖాళీ దగ్గుమందు సీసాను తీగల మీద జార్చుతూ వాయించాడు. నొప్పి లేదు. వేళ్లకు వ్యాయామమూ అయింది. అయితే తేలిక డ్యూటీకి వెళ్లవచ్చని కూడా డాక్టర్ చెప్పాడు. బోట్లతో మాట్లాడడానికి, రాసుకోవడానికి కుడిచేయి చాలు. ఇంకొంత విశ్రాంతి కావాలని ఫణికుమారే అడిగి తీసుకున్నాడు.

ఒక సాయంత్రం వాయిస్తుండగా గోవిందు ఫోన్ చేశాడు.

“చెయ్యెలా ఉంది భయ్యా?”

“ఇంకా పట్టు రాలేదురా. డాక్టర్ వద్దంటున్నాడు.”

“అచ్ఛా. మరి ఆ గిటార్ ఎవరిది?”

“టీవీలే.”

“కట్టెయ్యకు, విననీ. ఇక్కడ పొద్దస్తమానం బోటు డ్రైవర్ల తిట్లే. శ్రావణికి రోజులు దగ్గరపడ్డాయి. నువ్వొస్తే కాన్పుకి చేరిపోతా. లేదంటే క్యా కరేఁ, నీ చెయ్యి ముఖ్యం.”

ఫోన్ పెట్టగానే భార్య జాహ్నవి, “మన టీవీ చెడిపోయి ఎన్నాళ్లయింది?” అంది. ఇది అతనే నాకు చెప్పాడు, ఆమె కాదనలేదు. మర్నాటినుంచి గిటార్ ముట్టలేదు, డ్యూటీకీ వెళ్లలేదు. సిగ్గుపడితే సరిపోతుందనుకున్నాడు కాబోలు. ఆ జాగులోనే గోవిందుకు కూతురు పుట్టింది. ఆ దీవిలో సిగ్నల్ చాలక ఫోన్‌లో బిడ్డ ఫొటో సగం ముఖం వరకే తెరుచుకుంది.

ఆ కబురు విన్నాక ఫణికుమార్ బోటెక్కాడు. వైర్‌లెస్ గదిలో నిలబడి, దాచకుండా అంతా చెప్పాడు. గోవిందు హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“రావాలని లేదని చెప్పుంటే ఆఫీసుతో లడాయి చేసి ఇంకొకణ్ణి రప్పించుకునేవాణ్ణి భయ్యా. నీ చెయ్యి తలుచుకుని నోరు మూసుకున్నా.”

ఆ తరవాత, డ్యూటీ అప్పగిస్తూ, రావలసిన ఒక బోటు ఆలస్యమని చెప్పి, సంచీ తీసుకుని ఫణికుమార్ వచ్చిన బోటు వైపు వెళ్లిపోయాడు.

ఫణికుమార్ దొంగ గాయం చూపలేదు. మానుతున్న చేత్తో హాయిగా గిటార్ వాయించాడు. అది నేరం కాదు. డ్యూటీకి తగినంత కోలుకుని, కోలుకోలేదని అబద్ధం చెప్పి, తనపై జాలిపడిన మనిషిని అతని బిడ్డ పుట్టుకకు దూరం చేశాడు. అతను చేసింది అది.