సందు చివర దిగివచ్చిన రాగం

ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పాస్టరమ్మ గ్రేసమ్మ గారు. ఆవిడ పాపం మంచి కబురే అనుకుని తెచ్చారు. అదే నన్ను నిండు చర్చిలో, అరటి గెలలకీ గుమ్మడికాయలకీ మధ్య, పాట మధ్యలో ఆపి నిలబెడుతుందని ఆవిడకేం తెలుసు? నాకూ తెలియదు. తెలిసింది దేవుడొక్కడికే. ఆయన చెప్పలేదు.

సంగతేమిటంటే, కొత్త పంట తెచ్చి దేవుడికిచ్చే కోత పండుగకి ఈసారి మా పాలకొల్లు చర్చిలో స్త్రీల సమాజం పాడే పాట పుస్తకంలోది కాకూడదట. మాలో ఎవరైనా కొత్తగా కట్టాలట.

"పెళ్ళికి ముందు నువ్వు పాటలు కట్టేదానివట కదమ్మా, మీ అత్తగారు చెప్పారు. ఈ పాట నీదే," అన్నారు గ్రేసమ్మ గారు.

కట్టిన మాట నిజమే. నేను బడిలో చదివింది తక్కువ. మా నాన్న ఇంట్లోనే కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టి అక్షరాలు దిద్దించాడు. అందుకని నాకు అక్షరాలకన్నా ముందు రాగాలొచ్చాయి. తరవాత పెళ్ళి వచ్చింది, పిల్లలొచ్చారు, రాగాలు మర్యాదగా తప్పుకున్నాయి. తెల్లారి లేస్తే ఇడ్లీపిండి, ఇస్త్రీ, జతలో ఒకటే దొరికే మేజోడు, భీమవరం రైలుకి పరిగెత్తే మావారు. పాట కట్టడానికి కూర్చుంటే కుక్కరు కూత వేస్తుంది. కూతకి తాళం వేసేలోగా పాలు పొంగుతాయి. పల్లవి లేదు, చరణం లేదు, పాట పేరు మాత్రం "కృతజ్ఞత" అన్నట్టుగా వారం గడిచింది.

ఇది చూసి మా అత్తయ్య గారు రత్నమ్మ గారు ఒక తీర్పు చెప్పారు. ఆవిడ మాట్లాడేది తక్కువ, మాట్లాడితే తీర్పే.

"పెద్దోడు బడి బస్సెక్కాక నువ్వు పెరటి మెట్ల మీద కూర్చో. ఓ పావుగంట ఇంట్లో ఏ పనొచ్చినా నేను చూసుకుంటాను. నువ్వు లేచావంటే ఊరుకోను."

"మీకు మోకాళ్ళ నొప్పులు కదండీ అత్తయ్యగారూ."

"పాట నా మోకాళ్ళతో కడతావా ఏంటి? కూర్చో."

కూర్చున్నాను. కళ్ళు మూసుకుని, ప్రభువా, నాకు వేళ దొరికింది, ఇక రాగం నువ్వే ఇవ్వాలి అని అడిగాను. అప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు. అయినా చెబుతాను. రాగం వచ్చింది.

ఎక్కడి నుంచో తెలియదు. పక్కింటి మిక్సీ చప్పుడు మీదుగా, కాకుల గోల మీదుగా, చెవికి వినబడిందో మనసుకి వినబడిందో అన్నంత సన్నగా వచ్చింది. పైకెక్కి, ఒక్క క్షణం ఆగి, మెట్లు దిగినట్టు మెల్లగా దిగే రాగం. నా ఒళ్ళు జలదరించింది. నేనెంతటిదాన్నని? నిన్న రాత్రి సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసినదాన్ని. నాకా ఈ దయ?

మర్నాడు అదే వేళకి కూర్చుంటే అదే రాగం మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఇశ్రాయేలీయులకి పొద్దున్నే ఆకాశం నుంచి తిండిగా మన్నా కురిసినట్టు నాకు పొద్దున్నే పల్లవి కురిసేది. ఆదివారం మాత్రం రాలేదు. విశ్రాంతి దినం కదా అనుకుని, దేవుడి క్రమశిక్షణకి ఇంకో స్తోత్రం చెల్లించుకున్నాను.

మాటలు వాటంతటవే వచ్చి రాగంలో కూర్చున్నాయి. "చేను నీదే దేవా, గింజ నీదే దేవా, పిడికెడు మాకిచ్చి పంచమన్నావా." ఎన్నేళ్ళ తరవాతో నాదంటూ ఒకటి పుట్టింది. అంట్లు తోముతూ పాడుకుంటే గిన్నెలు కూడా మోగినట్టే ఉండేది.

అనుమానించాల్సిన చోటు ఒకటుంది, ఇప్పుడు చెబుతున్నాను. ఇంకా బడికి వెళ్ళని మా చిన్నది బుజ్జి, నేను ఆ పాట అందుకోగానే వెనక్కి నడిచేది. వంటింట్లోంచి వసారాదాకా అలాగే, చెయ్యూపుకుంటూ వెనక్కి. పసిపిల్ల, ఆత్మలో ఆనందిస్తోంది అనుకున్నాను.

సమాజంలో సాధన చేస్తుంటే ఒకావిడ, "ఈ రాగం ఎక్కడో విన్నట్టుందండీ," అంది.

"పరలోకపు రాగాలన్నీ అలాగే అనిపిస్తాయండి," అన్నాను. ఆ మాట ఎంత శాంతంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కోత పండుగ వచ్చింది. బల్ల ముందు వరి కంకులు, కొబ్బరి బొండాలు, పనసకాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు. పాస్టరు గారి ప్రసంగం సుదీర్ఘంగా ముగిసింది. మా అత్తయ్య గారు నాలుగో వరసలో తల వాల్చి నిశ్చింతగా కునుకు తీస్తున్నారు. మేం లేచి నిలబడ్డాం. నేను గొంతెత్తి పల్లవి అందుకున్నాను.

రాగం పైకెక్కి ఆ ఒక్క క్షణం ఆగిందో లేదో, మా అత్తయ్య గారు దిగ్గున లేచి నిలబడ్డారు.

"బుజ్జీ, బుట్ట తేవే. చెత్త బండొచ్చింది."

చర్చి అంతా విన్నది. బుజ్జి ఊరుకుంటుందా? నడవ మధ్యలోకి వచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తూ, చెయ్యూపుతూ, "రానీ, రానీ, రానీ," అంటూ గుమ్మడికాయలదాకా వచ్చి, "ఆపూ," అంది. మా సందు పిల్లలు నలుగురు దాని వెనకే వచ్చారు, వాళ్ళూ వెనక్కే.

అప్పుడు వెలిగింది నాకు. మా సందు చివర దారి లేదు. బండి తిరగడానికి చోటుండదు. అందుకని మున్సిపాలిటీ వాళ్ళ కొత్త బండి వెనక్కి వస్తుంది, వెనక్కి వస్తున్నంతసేపూ ఆ రాగమే మోగుతుంది. ఆదివారం రాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మధ్యలో సందు కూడా ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

మొదట మా సందువాళ్ళు నవ్వారు. తరవాత కంకులు తెచ్చిన రైతులు, ఆఖరికి పాస్టరు గారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను పనసకాయ వెనక దాక్కోవచ్చా అని చూస్తున్నాను.

పూర్తిగా మెలకువ వచ్చిన అత్తయ్య గారు చుట్టూ చూశారు. సంగతి అర్థమైంది. కూర్చోలేదు.

"ఆగిపోయావేంటమ్మా? పాడు. నేను రోజూ వినేదే, బాగుంటుంది," అని, ఆవిడే అందుకున్నారు. "చేను నీదే దేవా..."

మాటలు ఆవిడకి ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు. మా సందువాళ్ళు కలిశారు, వెనక వరసలు కలిశాయి. కొత్త పాటే అయినా ఎవరికీ నేర్పక్కర్లేకపోయింది. ఆ బండి ఊరంతా తిరిగేదే, రాగం అందరికీ వచ్చు. అంత నిండుగా మా చర్చి పాడగా నేనెప్పుడూ వినలేదు. నవ్వుతో తడిసిన కళ్ళు వేరే తడితో నిండాయి. దేవుడు పాత బుట్టలో కొత్త పంట పెట్టి ఇవ్వగలడని ఆ పూట చూశాను.

ఇంటికి వస్తూ అడిగాను, "రోజూ బుట్ట మీరే మోసేవారా అత్తయ్యగారూ?"

"మరి నువ్వు లేస్తే పాట లేచిపోదూ," అన్నారు.

అదండీ సంగతి. బుట్ట ఒక్కరోజు నేను మోసి ఉంటే రాగం గుట్టు తెలిసేది, పాట పుట్టేది కాదు. నేను ఆకాశంలో వెతికిన దయ, నొప్పుల మోకాళ్ళతో వీధి గుమ్మం దిగి చెత్త పోసి వచ్చేది.

కాబట్టి సంఘం ఎదుట, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పైనుంచి ఎంత దివ్యమైన రాగం దిగినా, ముందు సందులోకి వెళ్ళి, బండేదైనా ఉందేమో చూసి, ఆ తరవాతే స్తోత్రం చెబుతాను. చేతిలో బుట్టతోనే వెళతాను.

మీరు ప్రార్థనకి కూర్చున్నప్పుడు మా అత్తయ్య రత్నమ్మ గారిని తలుచుకోండి. మోకాళ్ళ సంగతి మరిచిపోకుండా చెప్పండి.