నేను ఎక్కితే స్కూల్ బస్సు కాదు

మా ఊరు ఇటిక్యాల అవతల ఉంటుంది. పోయిన వానకాలం నా ఎడమ కంటికి పొర కమ్మింది. డైరీలో రాసిన అక్షరాలు గీత దిగి జారడంతో తెలుసుకున్నాను. గద్వాలలో కంటి దవాఖానకు డాక్టరు మంగళవారం వస్తాడు. ముందు వచ్చిన ఇరవై మందికే చీటీలు. ఆర్టీసీ బస్సు అందుకునేసరికి అవి అయిపోతాయి. పొద్దున్నే వచ్చే స్కూల్ బస్సు ఆ దవాఖాన ముందు నుంచే పోతుంది.

డ్రైవర్ తలుపు తీయలేదు. "నువ్వు ఎక్కితే ఇది స్కూల్ బస్సు కాదు తాతా."

నమ్మక, గద్వాలలో బడికి పోయి హెడ్మాస్టర్‌ను అడిగాను. ఆయన నియమం చదివి వినిపించాడు. బస్సు బడిదే అయి ఉండాలి, అందులో విద్యార్థులు, సిబ్బంది తప్ప ఎవరూ కూర్చోరాదు. పసుపు రంగు వేసినా, బోర్డు పెట్టినా, నేను కూర్చుంటే అది ఇంకో రకం బండి.

"సిబ్బందిలో చేరితే?" అన్నాను.

పిల్లలను ఎక్కించి దించే ఆయమ్మ మానేసి నెలైందట. జీతం వద్దన్నాను కాబట్టి వెంటనే రాసుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆమె నవ్వింది. "పింఛన్ తీసుకుంట మల్ల కొలువుల చేరినోన్ని నిన్నే చూస్తున్న."

మంగళవారం దవాఖాన రాగానే లేచాను.

"యాడికి?" అన్నాడు డ్రైవర్. "పిల్లలందరు దిగేదాక నువ్వు దిగొద్దు. డ్యూటీల ఉన్నవ్."

బడి ఊరికి ఆ చివర. పిల్లలను దించి, నడిచి వెనక్కి వచ్చేసరికి ఇరవై చీటీలూ అయిపోయాయి. అట్లా నాలుగు వారాలు. పొర ఇంకా ముదిరితే ఆపరేషన్ కష్టమని కాంపౌండర్ అన్నాడు. సెలవు అడిగితే, బదులు మనిషిని పెట్టమన్నాడు హెడ్మాస్టర్.

"నేను పోత," అంది మా ఆమె. "నువ్వు కన్ను చూపించుకో."

ఐదో మంగళవారం ఇద్దరం రోడ్డు మీదికి పోయాం. ఆమె ఎక్కింది. ఆమె వెనకే నేను మెట్టు మీద కాలు పెట్టాను.

"ఇయ్యాల అవ్వ సిబ్బంది," అన్నాడు డ్రైవర్. "నువ్వేంది?"

కాలు వెనక్కి తీశాను. తలుపు మూసుకుంది. ఆ వెనకే గద్వాల మార్కెట్‌కు టమాటలు తీసుకుపోతున్న సరుకు ఆటో వచ్చింది. చెయ్యెత్తాను. పెట్టెల మధ్య కూర్చుని దారి పొడవునా బస్సు వెనకే పోయాను. చీటీ మీద నంబర్ పదిహేడు.

సరుకు బండిలో మనుషులు ఎక్కడానికి నియమం ఏమంటుందో నేను ఎవరినీ అడగలేదు.